పాలిచ్చు తల్లికి గుడిలో చోటు
ధ్యాన భాగము: యోవేలు 2:15, 16



ఆదిలాబాదు చేలలో పత్తి ఏరు తల్లి గట్టుమీద కూర్చుండి బిడ్డకు పాలిచ్చును. కరీంనగరు పల్లెలలో బీడీలు చుట్టు తల్లి చాట ప్రక్కన బెట్టి పాలిచ్చును. ఎవరును తప్పెన్నరు. ఆదివారమున గుడిలో అదే బిడ్డ ఏడ్చినయెడల మాత్రము మనము తల త్రిప్పి చూచెదము. ఆమె లేచి బయటి చెట్టు క్రిందికి పోవును. వాక్యము వినదు, కొన్నిసార్లు ప్రభువు బల్లకును దూరమగును.

ఇది మర్యాద అందుము. అయితే ఉపవాసదినమున సమాజమును కూర్చుమని దేవుడు ఆజ్ఞాపించినప్పుడు, పెద్దలతోకూడ చంటిబిడ్డలను సహా పిలిచెను. పాలు త్రాగు బిడ్డ తల్లి లేక వచ్చునా? యెషయా 66వ అధ్యాయములో దేవుని ఆదరణ తల్లిపాలతోనే పోల్చబడినది. దేవుడు సిగ్గుపడని దానికి మనము సిగ్గుపడనేల?

పురుషుల మనస్సు చెదరునని కొందరందురు. కొండమీద ప్రభువు హెచ్చరించినది చూచువానిని (మత్తయి 5:28). తల్లిని కాదు. 2025 ఫిబ్రవరిలో మన దేశపు సుప్రీంకోర్టు సైతము, బహిరంగ స్థలములలో పాలిచ్చుటను కళంకముగా ఎంచరాదని చెప్పెను. సంఘము అంతకంటె వెనుకబడవచ్చునా?

కావున చాటు కోరు తల్లికి గుడిలోపలనే, బోధ వినబడు చోట, చాప పరచుదము. కోరనియెడల ఉన్నచోటనే ఉండనిత్తము. మన చూపులను వాక్యమువైపు త్రిప్పుకొందము.