రూపము మార్చుట అసత్యమా?

ఉట్నూరులో మా విద్యార్థి యొకఁడు ఇంటనున్న సొరకాయబుఱ్ఱను ఛాయాచిత్రము తీసి, ఫోనులోనే దానిని మేఘములలోఁ దేలు నోడగా మార్చి మాకుఁ జూపెను. లేనిదానిని ఉన్నట్లు చూపుట అసత్యము కాదా యని ప్రక్కనున్న పెద్దలొకరు ప్రశ్నించిరి.

ప్రశ్న తేలికయైనది కాదు. ఈ విద్య క్రొత్తదియుఁ గాదు. 1936లో మెరెట్ ఓపెన్‌హైమ్ అను కళాకారిణి టీకప్పునకు బొచ్చుతోలు తొడిగి చూపఱులను విస్మయపఱచెను. మా ప్రాంతపు గోండులు దీపావళివేళ దండారిలో నెమలియీకల కిరీటము దాల్చి గుస్సాడీ లగుదురు. కిరీటము క్రింద నున్నది పొరుగువాఁడే యని యెల్లరు నెఱుఁగుదురు. అయినను దేవతాంశ యని గౌరవింతురు. అచట మోసపోయినవాఁ డెవఁడును లేఁడు.

కావున దోషము మార్పులో లేదు, మార్పును మఱుఁగుపఱచుటలో నున్నది. 1940 దశకమున మానవశాస్త్రజ్ఞుఁడు హైమెన్‌డార్ఫు తీసిన గోండుల ఛాయాచిత్రములు నేఁడు చరిత్రకు సాక్ష్యములు. వానిలో నొక్క గీఁత మార్చి, మార్చలేదన్నచో నది ద్రోహము. కల్పన యని చెప్పి చూపునది ద్రోహము కాదు.

ఆ బాలునితో మే మొక్కమాటయే చెప్పితిమి: "చిత్రము క్రింద 'ఇది నా కల్పన' యని వ్రాయుము." వాఁడు వ్రాసెను. పెద్దలు ఆ బుఱ్ఱను చేతికిఁ దీసికొని త్రిప్పి త్రిప్పి చూచిరి. నిత్యము కంటఁబడు వస్తువును అట్లు చూడఁజేయుటకంటెఁ గళకు వేఱు ప్రయోజన మేమి కావలయును?