చుట్టుదారి

చదువుకొనవలసిన భాగములు: నిర్గమకాండము 13:17–19, ఆదికాండము 50:15–21, అపొస్తలుల కార్యములు 27



ఎదుర్లంకవద్ద గోదావరిపై వంతెన 2002లో తెరువబడకమునుపు కాకినాడనుండి అమలాపురము పోవువారికి రెండు దారులుండెను. యానాము రేవులో పంటు ఎక్కి ఏరు దాటుట ఒకటి. వరదవచ్చి పంటు ఆగిపోయినయెడల రావులపాలెము మీదుగా చుట్టి వచ్చుట రెండవది. ఎదుటి ఒడ్డున దీపములు కనబడుచుండగా వీపు త్రిప్పి, బస్సెక్కి, అర్ధరాత్రికి అదే ఒడ్డుకు అవతలనుండి చేరుట ఎట్టిదో మన సంఘములలోని పెద్దలకు మేము చెప్పనక్కరలేదు.

2023వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో మేము అంతకంటె పెద్ద చుట్టుదారిని పోతిమి. మా పెద్ద కుమారుడు మాల్టా ద్వీపములో, వృద్ధులను సాకు ఒక గృహమున పని చేయుచున్నాడు. మాల్టా అనగా మరి ఏదియు కాదు, పౌలుగారి ఓడ బద్దలై అందరును తప్పించుకొని ఒడ్డున పడిన మెలితేయే. మన దేశమునుండి అచ్చటికి నేరుగా పోవు విమానము లేదు. ముంబాయి వెళ్లి ఇస్తాంబూలు మీదుగా పోయినయెడల త్వరగానే చేరుదుమని మా అల్లుడు లెక్కవేసి చూపెను. మేము ఒప్పుకొనలేదు. హైదరాబాదునుండి దుబాయి, అక్కడ పదునాలుగు గంటలు కూర్చుండుట, అటుపిమ్మట సైప్రసు ద్వీపమందలి లార్నకాలో దిగి ఆగి, మరల లేచి మాల్టా చేరు విమానము. పిల్లలతో కూడ ఆరుగురికి కలిపి 60,000 రూపాయలు తగ్గునని దానినే పట్టుబట్టితిమి.

డబ్బు మిగులునని అందరితో చెప్పితిమి. అది అబద్ధము కాదు గాని, నిజమంతయు అది కాదు. ఆ కుమారునితో మేము ఆరు సంవత్సరములుగా ముఖాముఖిగా మాటలాడియుండలేదు. 2016లో పరదేశము పోవుటకు అరెకరము కొబ్బరితోట అమ్మి డబ్బు ఇమ్మని అతడు అడిగినప్పుడు, బంధువుల యెదుట మేము ఒక మాట అంటిమి. ఆ మాట ఇక్కడ వ్రాయము. అతడు అప్పు చేసికొని పోయెను. నెలనెలా వాళ్ల అమ్మకు డబ్బు పంపుచునే యుండెను. మాకు చెప్పవలసినది చెల్లెలికి చెప్పును. మేము చెప్పవలసినది మేమును ఆమెకే చెప్పుదుము. ఇప్పుడు సెలవు దొరికినదనియు, అందరును వచ్చి పది దినములు తనతో గడపవలెననియు కబురు చేసినవాడు అతడే. ఆ కబురు వచ్చినదియు చెల్లెలి ద్వారానే. ప్రయాణము ఒక దినము ఎక్కువ పట్టినయెడల అతని ముఖము చూచుట ఒక దినము ఆలస్యమగును గదా అని మా హృదయము లోలోపల అనుకొనినది.

ఇశ్రాయేలీయులు ఐగుప్తు విడిచినప్పుడు దేవుడు వారిని ఫిలిష్తీయుల దేశపు దగ్గరి మార్గమున నడిపింపలేదని మోషే వ్రాసియున్నాడు. యుద్ధము చూచినయెడల జడిసి మరల ఐగుప్తునకే పోవుదురని అరణ్యపు మార్గమున చుట్టు త్రిప్పెను. ఈ కాలపు విమానములును అదే చేయుచున్నవి. దుబాయినుండి సైప్రసునకు పటముమీద గీత గీచినయెడల అది సిరియా దేశమును తాకును. 2011లో అక్కడ యుద్ధము మొదలైనది మొదలు విమానములలో అనేకములు ఆ ఆకాశమును తప్పించుకొని పోవుచు వచ్చినవి. మా యెదుట కుర్చీ వెనుకనున్న చిన్న తెరమీద విమానపు బొమ్మ అరేబియా ఎడారిమీద పడమటికి పోయి, ఎఱ్ఱసముద్రపు కొస దాటి, ఆ తరువాతనే ఉత్తరమునకు తిరిగెను. నలువది సంవత్సరములు వారు గుడారములు మోసికొని తిరిగిన ఆ ఇసుకను మేము ఒక కప్పు కాఫీ చల్లారులోపున దాటిపోతిమి.

గట్టులు లేని ఆకాశమునకును సరిహద్దు తగాదాలున్నవి. 2022లో రష్యా తన ఆకాశమును ఐరోపా విమానములకు మూసివేసినప్పుడు ఫిన్లాండునుండి జపాను పోవు విమానములు ఉత్తరధ్రువము మీదుగా తిరిగి పోవలసి వచ్చెను. తొమ్మిది గంటల ప్రయాణము పదమూడు గంటలాయెను. 2025 ఏప్రిల్ నెలలో పాకిస్తాను తన ఆకాశమును మన విమానములకు మూసివేయగా, ఢిల్లీనుండి ఐరోపాకు పోవునవి అరేబియా సముద్రముమీదుగా త్రిప్పుకొనవలసి వచ్చెను. ఇద్దరు పొరుగువారు మాటలాడుట మానివేసినయెడల దారినపోవువారు చుట్టు తిరుగవలసినదే. మా ఇంటిలో ఆరేండ్లు మా కుమార్తె తిరిగినది.

అయితే ప్రతి చుట్టుదారిమీదను దేవుని పేరు వ్రాయకుడి. యోనాయు చుట్టుదారి పట్టినవాడే. నీనెవె తూర్పున నుండగా యొప్పేకు పోయి, కేవు ఇచ్చి, తర్షీషు ఓడ ఎక్కెను. యూదులలో అనేకులు సమరయ నేల త్రొక్కకుండ యొర్దాను దాటి చుట్టి గలిలయకు పోవుచుండిరి. అది ద్వేషము వేసిన బాట. మన ప్రభువు అయితే తిన్నని దారినే సమరయలోనుండి పోయి, మధ్యాహ్నపు ఎండలో బావి దగ్గర కూర్చుండి, ఎవరితో మాటలాడకూడదని అందరు అనుకొనిరో ఆమెతోనే మాటలాడెను. కాబట్టి దారి వంకరగా నున్నది గనుక అది దేవుని దారియని చెప్పుటకు వీలులేదు. మా దారి మొదట యోనా దారి. ఈ సంగతి మీ యెదుట ఒప్పుకొనుట మాకు సులువు కాదు, వారము వారము మీకు బోధించువారము గనుక.

దుబాయి విమానాశ్రయములో తెల్లవారుజామున మా బెంచీయొద్దకు ఒక స్త్రీ వచ్చెను. మా మనుమరాలు తెలుగున మాటలాడుట విని వచ్చినది. రాజోలు వైపు మనిషి. కువైటులో ఒక ఇంట పనికి పోవుచున్నది. చేతిలోని చీటి చూపి, “అయ్యగారూ, ఈ అంకె ఏ వైపో తెలవట్లేదండీ. అందాకా ఇక్కడన్నారు, ఇప్పుడు ఇక్కడ ఎవరూ లేరు” అనెను. ద్వారము మార్చియుండిరి. బోర్డుమీద వ్రాసియున్నది గాని ఆమె చదువలేదు. మా అల్లుడు పోయి కనుగొని వచ్చెను. ఇంకను రెండు గంటలు వ్యవధి యుండుటచేత ఆమె మా దగ్గరనే కూర్చుండి, మా ఇంటి ఆమె ఇచ్చిన పులిహోర తినెను.

తన కొడుకును ఆరేండ్లవానిగా విడిచి వచ్చినదట. ఇప్పుడు వానికి పదునెనిమిది. పెంచిన పిన్నినే అమ్మా అని పిలుచును. ప్రతి శుక్రవారము ఆమె ఫోను చేయును గాని వాడు పలుకడు. “పలకడండీ. వింటన్నాడని తెలుస్తది, ఊపిరి వినపడతది. నేనే ఏదోటి మాటాడి పెట్టేస్తానండీ” అని నవ్వి, చెయ్యి కడుగుకొనుటకు లేచిపోయెను. మా ఇంటి ఆమె మా వైపు చూచెను. ఏమియు అనలేదు.

అటుపిమ్మట ఆమె విమానమునకు ఆమె పోయెను, మా విమానమునకు మేము పోతిమి. ఆమె పేరైనను అడుగలేదు. ఫిలిప్పు గాజా అరణ్యమార్గమున ఐతియొపీయునికి బోధించెను; ఇక్కడ మేమే రథములో కూర్చున్నవారమై బోధింపబడితిమి.

లార్నకాలో గంటసేపు ఆగినప్పుడు ప్రయాణికులు కొందరు దిగిరి, మమ్మును కదలవద్దనిరి. విమానాశ్రయమునకు ప్రక్కనే పెద్ద ఉప్పుచెరువున్నది. చలికాలమున అక్కడికి ఫ్లెమింగో పక్షులు వచ్చునని ప్రక్క కుర్చీలోని పెద్దమనిషి చెప్పెను. మన పులికాటునకు వచ్చునట్టి పక్షులే. ప్రభువు లేపిన లాజరు ఆ ఊరికి వచ్చి జీవించెనని అచ్చటివారి పరంపరలో చెప్పుదురు, అతని పేరట ఒక పాత దేవాలయమును ఉన్నది. అది లేఖనములలో లేదు గనుక మేము దానినిగూర్చి వాదింపము.

అక్కడ కూర్చుండి మేము ఆదికాండము కడపటి అధ్యాయము తెరచితిమి. యాకోబు చనిపోయిన తరువాత యోసేపు అన్నలకు భయము పట్టెను. క్షమాపణ అడుగవలెను, ఎట్లు అడుగుదురు? మొదట తాము రాలేదు, కబురంపిరి. తండ్రి చెప్పినాడని, తండ్రి పేరు అడ్డు పెట్టుకొని అడిగించిరి. ఆ కబురు వినియే యోసేపు ఏడ్చెను. ఎందుకేడ్చెనో మోషే వ్రాయలేదు. ఇన్ని సంవత్సరములు అన్నము పెట్టిన తరువాత కూడ తనయొద్దకు నేరుగా రాలేకపోయిరే యని ఏడ్చెనేమో యని మాకు తోచినది. అటుతరువాత వారు తామే వచ్చి అతని యెదుట సాగిలపడిరి. ఆ యోసేపు ఎముకలనే మోషే ఐగుప్తునుండి తెచ్చెనని మనము చదువుకొనిన వచనములలో ఉన్నది. అన్నదమ్ములు సమాధానపడిన ఆ మనుష్యుని పెట్టె అరణ్యమంతటను వారితోకూడ చుట్టు తిరిగినది.

లార్నకానుండి మాల్టాకు మూడు గంటలలో చేరితిమి. పౌలుగారు ఎక్కిన ఓడ సీదోనునుండి లేచి, ఎదురుగాలిచేత కుప్రచాటున పోయి, మూరలో ఓడ మారి, క్రేతులో మంచిరేవులు అను చోట ఆగెను. ఇకమీదట ప్రయాణము హాని యని ఆయన చెప్పినను శతాధిపతి ఓడ యజమానుని మాటయే నమ్మెను. ఊరకులోను గాలి కొట్టెను. పదునాలుగు రాత్రులు సూర్యుడును నక్షత్రములును లేవు. ఆ చుట్టుదారి దేవుడు వేసినది కాదు, మనుష్యుల మొండితనము వేసినది. అయినను 276 మందిలో ఒక్కడును నశింపలేదు. ఒడ్డున పడిన తరువాత మూడు నెలలు ఆ ద్వీపమున నిలిచి, పొప్లి తండ్రి జ్వరము మొదలుకొని ఎందరి రోగములో బాగుపడినవి. ఈ భాగము మేము ముప్పది సంవత్సరములు బోధించితిమి. మొండివాడు ఎవరని ఎన్నడును మమ్మును అడుగుకొనలేదు.

విమానాశ్రయములో కుమారుడు నిలువబడియుండెను. తలలో నెరసిన వెండ్రుకలు కనబడెను. వాళ్ల అమ్మను కౌగిలించుకొని, మా చేతిలోని సంచి తీసికొని, “ఇంత చుట్టు తిరిగి వచ్చారేంటి నాన్నా?” అనెను. ఆరు సంవత్సరముల తరువాత అతడు మాతో అనిన మొదటి మాట అది. “డబ్బు కలిసొస్తుందని” అంటిమి.

ఫిబ్రవరి 10వ తేదీని ఆ దేశస్థులు పౌలుగారి ఓడ బద్దలైన జ్ఞాపకముగా పండుగ చేయుదురు. వలెట్టా పట్టణపు వీధులలో ఆయన ప్రతిమను మోసికొనిపోవుదురు. మన ఆచారము అది కాదు గాని జనము వీధులు నిండి యుండుట చూచితిమి. వారి భాషలో దేవుని అల్లా అని పిలుతురు, అయినను ప్రజలలో ఎక్కువమంది కతోలిక క్రైస్తవులు. మరునాడు పౌలుగారి అఖాతమని పిలువబడు సముద్రతీరమునకు అందరమును పోతిమి. దూరముగా ఒక చిన్న రాతిద్వీపముమీద ఆయన విగ్రహము తెల్లగా కనబడును. పిల్లలు నీళ్ల దగ్గరకు పరుగెత్తిరి. కుమార్తె లేచి మా దగ్గరకు రాబోగా, వాళ్ల అమ్మ ఆమె చెయ్యి పట్టుకొని పిల్లల వైపు తీసికొనిపోయెను.

బల్లమీద అతడును మేమును మిగిలితిమి. ఏమి చెప్పవలెనో మూడు దినములుగా సిద్ధపరచుకొనియుంటిమి. ప్రసంగమువలె మూడు అంశములు కూడ. ఒకటియు నోటికి రాలేదు. “ఆ రోజు అందరి ముందూ అలా అనకూడదురా. తప్పు నాది” అంటిమి.

అతడు పలుకలేదు. ఊపిరి వినబడుచుండెను. ఆ కువైటు స్త్రీవలె మేమే ఏదో ఒకటి మాటలాడవలెనని, సంఘములో బావి పూడిక తీయించిన సంగతియు, కాలువకు నీళ్లు ఆలస్యముగా వదలిన సంగతియు చెప్పుచు పోతిమి. చాలసేపటికి అతడు నీళ్ల వైపే చూచుచు, తోటలో తూర్పు గట్టుమీది చెట్లు ఇంకను కాయుచున్నవా యని అడిగెను. రెండు గాలికి పడిపోయినవని చెప్పి, మిగిలినవాటి కాయలు ఏ చెట్టుకు ఎన్నో మేము లెక్క చెప్ప మొదలుపెట్టితిమి.