తప్పు లేని బాకీ

నేను ఏ తప్పూ చేయకపోయినా ఇంకొకరికి బాకీ పడతానా? పడతావనే అంది 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం. పనిలో ఉండగా, పని వల్ల దెబ్బ తగిలితే చాలు, యజమాని అజాగ్రత్తను ఎవరూ రుజువు చేయనక్కర్లేదు. తాగి ఉన్నాడు, చెప్పిన మాట వినలేదు లాంటి సాకులు కొన్ని గాయాలకు చెల్లుతాయి గానీ, మనిషే పోతే అవీ చెల్లవు.

గుడుపల్లె వైపు ఈ మాట అంత తేలిగ్గా మింగుడుపడదు. కుప్పం గ్రీన్ అని పేరుపడ్డ గ్రానైట్ దొరికే ప్రాంతం అది. అక్కడ రాయి కోసే చిన్న యూనిట్ నడిపే బంధువొకాయన్ని, పనివాళ్లకు పాలసీ తీసుకున్నావా మామా అని అడిగాను. "వాళ్లకేమన్నా అయితే నేను చూసుకోనా? ఇంట్లో బిడ్డల మాదిరి చూస్తా ఉండాను" అన్నాడు. అబద్ధం కాదు, చూస్తాడు. నా తగువంతా ఆ చూసుకోవడంతోనే.

చూసుకునేవాడు ఎంతివ్వాలో తనే తేలుస్తాడు, ఎప్పుడు ఆపాలో కూడా. తీసుకున్నవాడు మాత్రం జన్మంతా తలొంచుకుని ఉండాలి. చట్టం లెక్క మొరటుది: బొటనవేలు పోతే సంపాదించే శక్తిలో 30 శాతం నష్టం, చూపుడువేలు మొత్తం పోతే 14. మాంసం కొట్టు ధరల పట్టికలా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ అంకె పట్టుకుని అడిగేవాడు ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. ఆస్పత్రి బిల్లు కట్టి, 'ఇంకేమీ అడగను' అని వేలిముద్ర వేయించుకునే కాగితం కూడా 17వ సెక్షన్ కింద చెల్లదు. హక్కు వదులుకునే స్వేచ్ఛ పేదవాడికి లేదనడం పెత్తనమేగా అని ఒక స్నేహితురాలు వాదించింది. ఇంట్లో పొయ్యి వెలగనివాడు పెట్టే సంతకాన్ని స్వేచ్ఛ అనడానికి నాకు నోరు రాలేదు.

మరి పాలసీ కొంటే బాధ్యత తీరినట్టేనా? పదిమంది, అంతకు మించి ఉన్నచోట, నెలకు 21,000 లోపు జీతాలకు ఈఎస్ఐ ఉంది. దాని కిందికి రానివాళ్లకు విడిగా బీమా కొనొచ్చు. డబ్బు భారం అలా దిగిపోతుంది. కానీ 1997లో వేద్‌ప్రకాశ్ గర్గ్ కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. పరిహారం, దాని మీద వడ్డీ బీమా కంపెనీ కట్టాలి. కారణం లేకుండా నెల దాటించినందుకు పడే జరిమానా మాత్రం యజమాని జేబులోంచే రావాలి.

ఇప్పుడు ఆ చట్టం సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. 2025 నవంబరు 21 నుంచి, ఇంటికీ పనిచోటుకీ మధ్య దారిలో జరిగిన ప్రమాదం కూడా, పనితో సంబంధం తేలితే, పనిలో జరిగినట్టే లెక్క. గుడుపల్లె స్టేషన్లో బెంగళూరు రైలెక్కే కూలీలకు ఆ దారిలో ఏదన్నా అయితే, 'నేను చూసుకోనా' అనే మామ ఎవరుంటారు?