లక్ష మైళ్ల సర్వీసు

2011 సెప్టెంబర్ 15న కెనడాలోని ఒంటారియోలో, సెయింట్ థామస్ అనే చిన్న పట్టణం పక్కనున్న ఫోర్డ్ ఫ్యాక్టరీలో చివరి క్రౌన్ విక్టోరియా తయారైంది. అది వెళ్లాల్సింది సౌదీ అరేబియాకు. ఆ కారు బయటికి రావడంతో 1967 నుంచి నడుస్తున్న ఫ్యాక్టరీకి కూడా తాళం పడింది. వెయ్యిమందికి పైగా కార్మికుల ఉద్యోగాలు అదే రోజుతో సరి.

అమెరికా పోలీసులు, టాక్సీ డ్రైవర్లు, మెకానిక్కులు ఆ కారును క్రౌన్ విక్ అంటారు. పేరు తెలియకపోయినా దాన్ని చూడని తెలుగువాళ్లు తక్కువ. ఇరవై ఏళ్లపాటు వచ్చిన హాలీవుడ్ సినిమాల్లో సైరన్ మోగించుకుంటూ దూసుకుపోయిన కార్లు చాలామటుకు అవే. 2000 తర్వాత చదువుకనో ఉద్యోగానికనో డల్లాస్‌కో న్యూజెర్సీకో వెళ్లినవాళ్లకైతే ఇంకాస్త దగ్గరి పరిచయం. వెనక అద్దంలో ఆ హెడ్‌లైట్ల ఆకారం కనిపిస్తే చాలు, అది పోలీసు బండో, పోలీసులు వేలం వేస్తే కొనుక్కున్న ఏ ముసలాయన బండో తేలకముందే యాక్సిలరేటర్ మీది కాలు దానంతటదే లేచేది.

ఆ కారుకు మొండిదని పేరు. ఫుట్‌పాత్ అంచులు ఎక్కి దిగినా, పారిపోతున్న బండిని పక్కనుంచి గుద్ది తిప్పేసినా, మర్నాడు మళ్లీ డ్యూటీకి వచ్చేదని చెబుతారు. ఈ పేరు ఊరికే రాలేదు. ఇప్పటి కార్లలో బాడీయే బండి బరువంతా మోస్తుంది. క్రౌన్ విక్‌లో లారీకి ఉన్నట్టే కింద విడిగా ఛాసిస్, దాని మీద బాడీ. ముందు 4.6 లీటర్ల వి8 ఇంజన్, వెనక చక్రాలకు శక్తి. పోలీసులకిచ్చే రకంలో ఇంజన్ ఆయిల్‌కు వేరే కూలర్, పెద్ద ఆల్టర్నేటర్, గట్టి సస్పెన్షన్, స్టీలు చక్రాలు ఉండేవి. కూలెంట్ కారిపోయి ఇంజన్ బాగా వేడెక్కితే, కొన్ని సిలిండర్లకు పెట్రోలు ఆపి వాటిని గాలితో చల్లబరుచుకుంటూ, మిగతా వాటితో కొంతదూరం లాక్కొచ్చే ఏర్పాటు కూడా దానికి ఉండేది.

ఇంత చెప్పినా అసలు సంగతి ఇనుములో మాత్రమే లేదు. క్రౌన్ విక్ దేనిలోనూ అన్నిటికన్నా మేటి కాదు. వేగంలో డాడ్జ్ చార్జర్ దాన్ని మించిపోయింది. మిగతా కంపెనీలు ఐదు, ఆరు గేర్ల ఆటోమేటిక్‌లు ఇస్తున్నప్పుడు కూడా ఇది నాలుగు గేర్లతోనే బతుకు వెళ్లదీసింది. 1970ల చివర్లో వేసిన పునాది మీదే అప్పుడో మార్పు ఇప్పుడో మార్పు చేసుకుంటూ నడిపించారు. 2003 మోడల్‌లో ఛాసిస్ ముందుభాగం, స్టీరింగ్ మార్చడమే చివరి పెద్ద మార్పు. 2008 మోడల్ నుంచి అమెరికాలో మామూలు జనానికి షోరూములో అమ్మడం కూడా మానేసి, పోలీసు శాఖలకు, టాక్సీ కంపెనీలకు మాత్రమే అమ్మారు. కంపెనీ మనసు ఎప్పుడో వేరేచోటికి వెళ్లిపోయింది.

కంపెనీ పట్టించుకోకపోవడమే దానికి వరమైంది. ఏటా మారని కారు కాబట్టి ఒక ఏడాది డోరు ఇంకో ఏడాది బండికి సరిపోయేది. ఫోర్డ్‌వే అయిన మెర్క్యురీ గ్రాండ్ మార్క్విస్‌కూ, లింకన్ టౌన్ కార్‌కూ అదే పునాది. అందువల్ల విడిభాగం కావాలంటే ఏ పాత సామాను యార్డుకు వెళ్లినా దొరికేది. పోలీసు గ్యారేజీలో మెకానిక్ ఒకసారి నేర్చుకున్న పని పదిహేనేళ్లు పనికొచ్చింది. చప్పుడు విని జబ్బేమిటో చెప్పగలిగేంత చనువు ఏర్పడింది. జనం కారు గట్టిదన్నారు గానీ, అందులో సగం గట్టిదనం ఆ గ్యారేజీలది, ఆ చేతులది. పాడవని బండి అంటూ ఎక్కడా లేదు. పాడైన ప్రతిసారీ బాగుచేయడానికి వీలైన బండి మాత్రం ఉంటుంది, క్రౌన్ విక్ అలాంటిది.

అది కూడా పాడయ్యేది. 1990ల చివరి మోడళ్లలో ఇంజన్ మీది ప్లాస్టిక్ ఇంటేక్ మానిఫోల్డ్ పగిలి కూలెంట్ కారిపోయేది. కోర్టు దాకా వెళ్లిన లోపం అది. మెకానిక్కులకు ఆ రోగం తెలుసు, మందూ తెలుసు. పగిలినదాన్ని తీసి, అల్యూమినియం భాగం ఉన్నదాన్ని బిగించి పంపేవారు.

పోలీసు కారు జీవితం బయటివాళ్లు ఊహించేలా ఉండదు. అది ఛేజింగుల్లో కన్నా నిలబడే ఎక్కువ అరిగిపోతుంది. రోడ్డు పక్కన ఇంజన్ ఆపకుండా గంటల తరబడి నిలబడాలి. వైర్‌లెస్, కంప్యూటర్, లైట్లు, ఏసీ అన్నీ దాని మీదే నడవాలి. అలా నిలబడిన ఒక గంట దాదాపు 33 మైళ్ల ప్రయాణంతో సమానమని ఫోర్డే లెక్క కట్టింది. అంటే సుమారు 53 కిలోమీటర్లు. మీటరులో లక్ష మైళ్లు, అంటే లక్షా అరవై వేల కిలోమీటర్లు చూపిస్తున్న బండి, దాంతోపాటు ఐదు వేల గంటలు నిలబడి ఉందనుకుందాం. ఇంజన్ అనుభవించిన అరుగుదల నాలుగు లక్షల కిలోమీటర్లు దాటుతుంది. తర్వాతి మోడళ్లలో ఇంజన్ గంటలు చూపించే మీటరు పెట్టింది అందుకే. వేలంలో తెలివైన కొనుగోలుదారు ముందు ఆ అంకెను చూస్తాడు.

వేలానికి వచ్చిన బండి దగ్గర నిలబడితే దాని సర్వీసు రికార్డు అంతా ఒంటి మీదే కనిపిస్తుంది. పైకప్పు మీద లైట్ల పట్టీ తీసేసిన చోట రబ్బరు బిరడాలు. డ్యాష్‌బోర్డులో రేడియో, కంప్యూటర్ స్టాండు బిగించిన స్క్రూల రంధ్రాలు. డ్రైవరు సీటు బయటి అంచు ఒరుసుకుపోయి ఉంటుంది. తుపాకి బెల్టుతో రోజుకు ఎన్నోసార్లు దిగి ఎక్కిన గుర్తు అది. వెనక సీటు కడిగేందుకు వీలైన వినైల్‌ది. కింద కార్పెట్ బదులు రబ్బరు. వెనక తలుపులు లోపలినుంచి తెరుచుకోకుండా చేసి ఉంటాయి. స్టిక్కర్లు పీకేసిన చోట ఎండ తగలని రంగు కాస్త ముదురుగా ఉండి, ఏ ఊరి పోలీసు బండో చదువుకోవచ్చు. ఇలాంటి బండిని ఎవరో కొని టాక్సీగా ఇంకో లక్ష మైళ్లు తిప్పేవారు.

అయితే ఆ మొండితనాన్ని పొగిడేవాళ్లలో చాలామంది దాటవేసే సంగతి ఒకటుంది. దాన్ని దాటవేయకూడదు.

క్రౌన్ విక్ పెట్రోలు ట్యాంకు వెనక ఇరుసుకు అవతల, డిక్కీ ముందు ఉండేది. హైవే పక్కన ఆపిన పోలీసు కారును వెనకనుంచి ఎవరైనా అతివేగంగా గుద్దితే ట్యాంకు చిట్లి మంటలు లేచిన ఘటనలు జరిగాయి. అధికారులు సజీవంగా కాలిపోయారు. 2001 మార్చిలో ఫీనిక్స్ నగరంలో ఒక యువ అధికారి కారును ఒక టాక్సీ వెనకనుంచి ఢీకొట్టింది. మంటల్లో చిక్కుకున్న ఆయన బతికాడంటే, ఇంకేదో పనిమీద వెళుతున్న అగ్నిమాపక బండి సరిగ్గా ఆ పక్కనే ఉండటం వల్ల. ముఖం, చేతులు కాలిపోయి, పదుల సంఖ్యలో ఆపరేషన్లు చేయించుకుని, ఆయన మళ్లీ ఉద్యోగంలోకి వచ్చాడు. అమెరికా కేంద్ర రహదారి భద్రతా సంస్థ విచారణ జరిపి 2002లో లోపమని తేల్చకుండానే ముగించింది. అదే ఏడాది ఫోర్డ్ ట్యాంకు చుట్టూ రక్షణ కవచాలు అమర్చడం మొదలుపెట్టింది. తర్వాత మంటలార్పే ఏర్పాటునూ అదనంగా కొనుక్కునే వీలు కల్పించింది. బండి గట్టిదే. కానీ లోపల కూర్చున్న మనిషికి ఆ గట్టిదనం ప్రతిసారీ కవచం కాలేదు. మన్నికను మెచ్చుకునేటప్పుడు అది ఎవరి ప్రాణం మీదికి తెచ్చిందో కూడా లెక్కలో ఉండాలి.

దాని ఉత్పత్తి ఆగింది కూడా బండి నడవలేకపోయినందువల్ల కాదు. పట్టు తప్పి పక్కకు జారే కారును తనంతట తానే సర్దే ఎలక్ట్రానిక్ స్థిరత్వ నియంత్రణ ప్రతి కొత్త కారులోనూ ఉండాలన్న నిబంధన 2011 సెప్టెంబర్ నుంచి అమెరికాలో పూర్తిగా అమలైంది. క్రౌన్ విక్‌లో అది లేదు. పెడితే ఖర్చు, తిరిగొచ్చే లాభం తక్కువ. అంతకుముందే, 1996లో, జనరల్ మోటార్స్ తన పోలీసు కారు కాప్రీస్‌ను ఆపేసి, అది తయారయ్యే టెక్సస్‌లోని ఆర్లింగ్టన్ ఫ్యాక్టరీని పెద్ద ఎస్‌యూవీలకు అప్పగించింది. లాభం ఎటుంటే అచ్చులు అటు తిరుగుతాయి. క్రౌన్ విక్ తర్వాత ఫోర్డ్ టారస్ ఆధారంగా చేసిన పోలీసు సెడాన్ 2019లో ఆగింది. పోలీసులు వాడిన డాడ్జ్ చార్జర్ 2023 డిసెంబర్‌లో ఆగింది. అమెరికా పోలీసు స్టేషన్ల ముందు ఇప్పుడు ఎక్కువగా నిలబడి ఉండేది ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ఆధారంగా చేసిన ఎస్‌యూవీ. బుల్లెట్‌ప్రూఫ్ చొక్కా, నిండా తగిలించిన బెల్టు, ల్యాప్‌టాప్, తుపాకులు, ఇన్నిటితో పాత సెడాన్‌లో దూరడం కష్టమన్నది నిజమే.

మన దగ్గరి అంబాసిడర్ కథ దీనికి దూరం కాదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా 1950ల చివర్లో మొదలై, బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 2014 మే వరకు తయారైంది. కలెక్టరైనా ఎస్పీ అయినా దిగేది తెల్ల అంబాసిడర్‌లోంచే. తెలుగు ఊళ్లలో బుగ్గ కారంటే అదే. అది కూడా పెద్ద మార్పు లేకుండా దశాబ్దాలు నడిచింది. ఏ జిల్లా కేంద్రంలోనైనా దాన్ని విప్పి బిగించే మేస్త్రీ ఉండేవాడు. అమ్మకాలు పడిపోయి ఆగిపోయింది. 2014లోనే తెలంగాణ ఏర్పడ్డాక హైదరాబాద్ పోలీసులకు ఇన్నోవాలు వచ్చాయి.

ఇప్పుడు సర్కారు బండ్ల రిటైర్మెంట్ తేదీని క్యాలెండరే రాస్తోంది. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ మన దేశంలో రద్దవుతోంది. సైనిక, శాంతిభద్రతల అవసరాలకు వాడే ప్రత్యేక వాహనాలకే మినహాయింపు. పొగ, భద్రత దృష్టితో చూస్తే ఈ నిబంధన సబబే. క్రౌన్ విక్ వెళ్లిపోయినందుకు కూడా కన్నీళ్లు అక్కర్లేదు. అది తాగిన పెట్రోలు ఎక్కువ, పెట్టిన ప్రాణభయం చిన్నది కాదు. పోగొట్టుకోకూడనిది మాత్రం ఆ బండితో వచ్చిన సుగుణం. విప్పడానికి వీలుండటం, విడిభాగం దొరకటం, చేతిపని తెలిసిన మనిషికి దాని లోపల ఏముందో అర్థం కావటం. కొత్త బండ్లలో ఒక చిన్న సెన్సరు పోతే మొత్తం యూనిట్ మార్చమంటారు. కంపెనీ కంప్యూటర్ తగిలిస్తే తప్ప అదేమిటో కూడా తెలియదు. పదిహేనేళ్లు రాకముందే బండిని తుక్కు చేసేది ఇనుముకు పట్టిన తుప్పు కాదు, ఇలా మరమ్మతుకు తలుపు మూసుకుపోవడమే.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే కార్ల మరమ్మతు సమాచారం బయటి మెకానిక్కులకూ ఇవ్వాలని చట్టం చేసింది. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబర్‌లో మరమ్మతు హక్కు పోర్టల్ మొదలుపెట్టింది. వాహన రంగం కూడా అందులో ఉంది. పోలీసు శాఖకు వందల బండ్లు కొనే అధికారులు, ఇంటికి ఒక్క బండి కొనే మామూలు మనిషి, ధర, మైలేజీ అడిగిన నోటితోనే ఇంకో రెండు ప్రశ్నలు అడగాలి. ఈ బండికి ఎన్నేళ్లు విడిభాగాలు దొరుకుతాయి? షోరూమ్ కాకుండా మా ఊరి మెకానిక్ దీన్ని బాగుచేయగలడా? జవాబు కాగితం మీద రాసిచ్చే కంపెనీ బండినే కొనండి.