కథకా, దినానికా?

సంగీతం మీద తీసిన డాక్యుమెంటరీ చూసినప్పుడు చివర్లో పడే పేర్లు కూడా పూర్తిగా చదవడం నాకు అలవాటు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో లైసెన్స్ ఫైళ్ళు చదివీ చదివీ వచ్చిన జబ్బు కావచ్చు. ఎవరు చేశారు, ఎవరు డబ్బిచ్చారు, హక్కులు ఎవరివి అన్న మూడు సంగతులూ అక్కడే తెలుస్తాయి. వాటిలో ఒక వరస దగ్గర మాత్రం ఎప్పుడూ ఆగిపోతాను. "పాట: సంప్రదాయం." సినిమాలో సగం సేపు వినిపించిన పాటకి కర్త లేడు. కర్త లేడు కాబట్టి హక్కుదారు లేడు. హక్కుదారు లేడు కాబట్టి ఖర్చు లేదు. అదే సినిమాలో వెనకెక్కడో టీకొట్టు రేడియోలోంచి పాత సినిమా పాట ఇరవై సెకన్లు వినిపించిందనుకోండి, దాని హక్కులున్న కంపెనీకి రాసి, అడిగి, డబ్బు కట్టాలి. లేదంటే ఎడిటింగ్‌లో తీసేయాలి.

ఒక పాటగాడి మీద సినిమా తీయడానికి గ్రాంటు వస్తే అందులో పాటగాడికి ఎంత రావాలి? అసలు ఎందుకు రావాలి? అడగడానికి చిన్న ప్రశ్నలే, కానీ జవాబు వెతుక్కుంటూ వెళ్తే చాలా దూరం పోవాల్సి వచ్చింది.

ముందుగా ఒక మాట. నేను గ్రాంట్లకి వ్యతిరేకిని కాను. మార్కెట్‌ని నమ్ముకుంటే మన దేశంలో సంగీతం మీద మంచి సినిమాలు చాలావరకు వచ్చేవే కావు. 1948లో మొదలైన ఫిల్మ్స్ డివిజన్ డబ్బుతోనే ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి 1970లో ఉస్తాద్ అమీర్ ఖాన్ మీద సినిమా తీశారు. నాలుగేళ్ళకే ఖాన్ సాహెబ్ కారు ప్రమాదంలో పోయారు. ఆయన పాడుతుండగా చూడాలంటే మనకి మిగిలిన కొద్ది దృశ్యాల్లో అదొకటి. మణి కౌల్ 'సిద్ధేశ్వరి' (1989) కూడా ఫిల్మ్స్ డివిజన్‌దే. ఠుమ్రీ ఎలా మెలికలు తిరుగుతుందో కెమెరా కూడా అలాగే తిరిగే ఆ సినిమాకి ఏ నిర్మాత చెక్కు రాసేవాడు? తర్వాతి కాలంలో, బెంగళూరులో ఉన్న ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ సాయంతో సబా దేవాన్ 'ద అదర్ సాంగ్' (2009) తీశారు. శబ్నం విర్మాణీ కబీర్ సినిమాల వెనక ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుంది.

డబ్బు ఆలస్యమైతే ఏం పోతుందో కూడా తెలిసిందే. సత్యజిత్ రాయ్ బాలసరస్వతి నాట్యాన్ని మొదటిసారి చూసింది 1935లో, కలకత్తాలో, తన పద్నాలుగో ఏట. ఆమె మీద 'బాల' తీసింది 1976లో, తమిళనాడు ప్రభుత్వమూ బొంబాయి నేషనల్ సెంటర్ ఫర్ ది పెర్ఫార్మింగ్ ఆర్ట్సూ కలిసి డబ్బు పెట్టినప్పుడు. అప్పటికి ఆమెకి 58 ఏళ్ళు. నలభై ఏళ్ళు ముందే ఎవరైనా డబ్బు పెట్టి ఉంటే మనం ఏ బాలసరస్వతిని చూసేవాళ్ళమో ఊహించుకోవడమే.

కాబట్టి గ్రాంటు ఉండాలి. నా గొడవంతా అందులో ఏముంటుందన్నదాని గురించి.

నా స్నేహితుడొకడు కరీంనగర్ వైపు ఒక ఒగ్గు కథ బృందం మీద నలభై నిమిషాల సినిమా తీద్దామని గ్రాంటుకి అప్లై చేశాడు. ఎక్సెల్ నాకు బాగా వచ్చు కాబట్టి బడ్జెట్ షీట్ నా నెత్తిన పడింది. కెమెరా అద్దె, లెన్సులు, సౌండ్ రికార్డిస్టు, ఎడిటర్, రంగుల దిద్దుబాటు, సబ్‌టైటిళ్ళు, ప్రయాణాలు, హార్డ్ డిస్కులు, ఇన్సూరెన్స్, ఇతరాలు. డోలు కొట్టేవాళ్ళూ తాళాలు వేసేవాళ్ళూ కథ చెప్పే ఆయనా ఎక్కడున్నారా అని వెతికితే, "స్థానిక ఆతిథ్యం" అన్న వరసలో భోజనాల కింద ఉన్నారు.

నా స్నేహితుడు చెడ్డవాడు కాదు. అడిగితే అతను చెప్పిన జవాబు డాక్యుమెంటరీ తీసేవాళ్ళు చాలామంది నమ్మేదే. డబ్బిస్తే నిజం పోతుంది. మనం ఏం వినాలనుకుంటున్నామో వాళ్ళు అదే చెప్తారు. రేపు ఎవరైనా "డబ్బిచ్చి చెప్పించావు" అంటే సినిమా మొత్తం కూలిపోతుంది.

ఇది తీసిపారేయాల్సిన వాదన కాదు. ఒక ఊళ్ళో దాడి జరిగింది, సాక్షిని కెమెరా ముందు కూర్చోబెట్టాం. అతనికి డబ్బిస్తే అతని మాట విలువ పడిపోతుంది, నిజమే. కానీ కథ చెప్పేవాడు సాక్షి కాదు కదా. కెమెరా ముందు అతను చేస్తున్నది తన పని. సౌండ్ రికార్డిస్టుకి రోజుకింత అని ఇస్తున్నాం, దానివల్ల రికార్డయిన శబ్దం అబద్ధమైపోయిందని ఎవరూ అనరు. అదే రోజు, అదే ఎండలో, ఆ శబ్దాన్ని పుట్టిస్తున్న మనిషికి ఇస్తే మాత్రం అబద్ధమవుతుందా? సంగీతం మీద తీసే సినిమాలో ఒకే మనిషి రెండు పనులు చేస్తాడు. తన బతుకు గురించి చెప్తాడు, తన పాట పాడతాడు. మాటకి డబ్బివ్వకూడదు. పాటకి ఇచ్చి తీరాలి. ఈ రెంటినీ కలిపేసి, మొదటిదాని నీతిని అడ్డం పెట్టుకుని రెండోదాన్ని ఉచితంగా తీసుకుంటున్నాం.

"సినిమా వల్ల పేరొస్తుంది, అదే పెద్ద ప్రతిఫలం" అని ఇంకో వాదన. దీనికి మంచి ఉదాహరణ ఉంది. 'సర్చింగ్ ఫర్ షుగర్ మ్యాన్' (2012) అనే సినిమా రోడ్రిగెజ్ అనే డెట్రాయిట్ గాయకుడి కథ. అమెరికాలో ఎవరూ పట్టించుకోని అతని పాటలు దక్షిణాఫ్రికాలో ఇంటింటా మోగాయి, ఆ సంగతి ఏళ్ళ తరబడి అతనికే తెలియలేదు. రాయల్టీలు ఎటు పోయాయన్నది కథలో ముఖ్యమైన ముడి. దర్శకుడు మాలిక్ బెంజెలూల్ దగ్గర డబ్బయిపోతే కొన్ని దృశ్యాలు ఫోన్లో ఒక చవక యాప్‌తో తీశాడు. 2013లో ఆస్కార్ వచ్చింది. రోడ్రిగెజ్ డెబ్భై ఏళ్ళ వయసులో పెద్ద పెద్ద వేదికల మీద పాడాడు. పేరు అన్నం పెట్టిన సందర్భం ఇది.

మన దగ్గరిది ఇంకో సందర్భం. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యని ఎన్ని కెమెరాలు తీశాయో లెక్కలేదు. 2021లో 'భీమ్లా నాయక్' పాటలో ఆయన గొంతు రాష్ట్రమంతా వినిపించింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో ఒక కట్టడం దగ్గర కూలిపని చేస్తున్న వీడియో అందరూ చూశారు. దానిలో తప్పెవరిదన్నది వేరే చర్చ. నాకు అర్థమైంది ఇంతే. పేరు దానంతటదే కూలిగా మారదు. ఒక్కోసారి మారుతుంది, అది లాటరీ. ఎడిటర్ని మనం లాటరీ టికెట్ ఇచ్చి పనిలోకి పిలవం.

చట్టం సంగతి కూడా చూశాను. మన కాపీరైట్ చట్టంలో 1994 సవరణతో కళాకారుడికి తన ప్రదర్శన మీద హక్కు వచ్చింది. 2012 సవరణ దాన్ని ఇంకొంచెం గట్టిపరిచింది. సినిమాలో వాడుకోవడానికి ఒకసారి రాతపూర్వకంగా ఒప్పుకున్నాక, ఒప్పందంలో వేరే మాట లేకపోతే, నిర్మాత వాడుకోవడాన్ని కళాకారుడు అడ్డుకోలేడు. కానీ వ్యాపారపరంగా వాడితే రాయల్టీకి అర్హుడు. బాగానే ఉంది. అయితే గ్రాంటుతో తీసిన డాక్యుమెంటరీ వ్యాపారం ఎక్కడ చేస్తుంది? రెండు ఫెస్టివళ్ళు, నాలుగు కాలేజీలు, ఆ తర్వాత యూట్యూబ్. సున్నాలో వాటా ఎంతయినా సున్నాయే. ఎంత నిస్వార్థంగా తీస్తే పాటగాడికి చట్టప్రకారం అంత తక్కువ దక్కుతుంది! అందుకే ఇవ్వాల్సింది సినిమా తర్వాత లాభంలోంచి కాదు, సినిమాకి ముందు బడ్జెట్లోంచి.

ఇదేమీ మనకి కొత్త విషయం కాదు. పాటకి రేటు కట్టడం కళకి అవమానం అన్నట్టు మాట్లాడతాం గానీ తెలుగు నేల మీద కథ చెప్పే కులాలకి రావాల్సింది ఎప్పుడూ లెక్క ప్రకారమే ఉండేది. డక్కలివాళ్ళు మాదిగలకి జాంబ పురాణం చెప్తారు, కూనపులివాళ్ళు పటం విప్పి పద్మశాలీలకి వాళ్ళ కులపురాణం చెప్తారు. ఏ కుటుంబానికి ఏ ఊళ్ళు అన్నది మిరాశీగా పంచుకున్నారు. ఇచ్చేది దానం కాదు, వాళ్ళకి రావాల్సిన హక్కు. ఆ ఏర్పాటులో కులం పెట్టిన అవమానం నిండా ఉంది, దాన్ని మళ్ళీ తెమ్మని నేననను. కానీ ఒక సంగతి గమనించండి. అక్కడ ఇచ్చేవాడూ చెప్పేవాడూ ఎదురెదురుగా ఉన్నారు. ఇప్పుడు గ్రాంటు కొత్త యజమాని. దాని ముందు నిలబడి, తన వంశం గురించీ తన పని గురించీ చెప్పి ఒప్పించి డబ్బు తెచ్చుకునే ఆశ్రితుడు మాత్రం దర్శకుడు. కథ చెప్పేవాడు ఆ ఇద్దరి మధ్య నడిచే ఉత్తరంలో విషయం మాత్రమే. ఆ ఉత్తరం కూడా తనకి రాని ఇంగ్లీషులో ఉంటుంది.

మా బడ్జెట్ షీట్లో ఒక వరస చేర్చాం. "కళాకారుల పారితోషికం, ఆరుగురు, ఎనిమిది రోజులు." దానికోసం ఒక లెన్సు అద్దె తగ్గింది. గ్రాంటు వచ్చింది, అడిగినదానికంటే కొంచెం తక్కువ. నా స్నేహితుడు వెళ్ళి బృందం పెద్దకి ఈ లెక్క చెప్పాడు. ఆయన విని ఒకటే అడిగాడట.

"పైసలు కథకిస్తరా, దినానికిస్తరా?"

తేడా ఏంటని అడిగితే చెప్పాడు: "దినానికైతే మీరు ఆపుమన్నకాడ ఆపుతం. కథకైతే కథ ఒడిసేదాక చెప్పుడే, మీరు ఉన్నా సరే పోయినా సరే."

ఫోన్లో ఇది విన్నాక నేను చాలాసేపు ఏమీ అనలేకపోయాను. ఇవ్వాలా వద్దా అన్న దగ్గరే మేం ఆగిపోయాం. ఆయన మాత్రం దేన్ని కొంటున్నారో తేల్చుకోమంటున్నాడు. దినానికి కొంటే మేం కొన్నది అతని విధేయత. పదినిమిషాల్లో బీరప్ప పుట్టుక చెప్పమంటే చెప్తాడు, వెలుతురు బాగా లేదంటే మళ్ళీ చెప్తాడు. కథకి కొంటే మేం కొన్నది కథ. అప్పుడు ఎక్కడ ఆపాలో తేల్చేది అతను. డబ్బిస్తే నిజం పోతుందని నా స్నేహితుడు భయపడ్డాడు కదా, ఆ భయానికి సరైన జవాబు నాకు ఇక్కడ దొరికింది. నిజం పోవడమా ఉండడమా అన్నది డబ్బు ఏ షరతు మీద ఇచ్చామన్నదాన్ని బట్టి ఉంటుంది. అసలు ఏమీ ఇవ్వకుండా తీసిన సినిమాలో కూడా "ఇంకోసారి చెప్పండి, ఇటు తిరిగి చెప్పండి" అంటూనే ఉంటాం. అంటే విధేయతని ఉచితంగా తీసుకుంటున్నామన్నమాట.

కథకే ఇచ్చారు. షూటింగ్ ఎనిమిది రోజులనుకున్నది ఐదు రాత్రులయింది. కెమెరామన్ గొణిగాడు. మూడో రాత్రి కరెంటు పోతే బ్యాటరీ లైటుతో తీశారు, కథ ఆగలేదు. ఆ కథలోంచి సినిమాలో మిగిలేది పావుగంట. మిగతా గంటలన్నీ ఒక హార్డ్ డిస్కులో ఉన్నాయి. దాని కాపీ ఒకటి బృందానికి ఇచ్చారు. ఆ డిస్కు ఖరీదు ఒక పూట లెన్సు అద్దెకంటే తక్కువ. సినిమా మనకి కావచ్చు గానీ, పూర్తి కథ రికార్డింగు ఎక్కువ అవసరమయ్యేది ఇంకా కథ నేర్చుకుంటున్న వాళ్ళ పిల్లలకి.

'ద అదర్ సాంగ్' ఒక పోయిన పాటని వెతుక్కుంటూ వెళ్తుంది. రసూలన్ బాయి పాడిన ఒక ప్రసిద్ధ ఠుమ్రీకి 1935 నాటి రికార్డులో వేరే రూపం ఉండేది. కాస్త శృంగారంగా ఉన్న ఒక్క మాట తర్వాతి కాలంలో మర్యాదస్థుల మాటగా మారిపోయింది. నాకు చాలా ఇష్టమైన సినిమా. రసూలన్ బాయికి 1957లో సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది. ఆమె 1974లో పేదరికంలో పోయింది. ఆమె పాట గురించిన సినిమాకి డబ్బు దొరికింది మూడు దశాబ్దాల తర్వాత. దీనికి దర్శకురాలినీ తప్పు పట్టలేం, సాయం చేసిన సంస్థనీ తప్పు పట్టలేం. ఆ సినిమా లేకపోతే ఆ ఒక్క మాట కూడా మనకి తెలిసేది కాదు. కానీ జ్ఞాపకానికి డబ్బు దొరికినంత తేలిగ్గా మనిషికి దొరకదన్నది మాత్రం కనిపిస్తూనే ఉంటుంది.

పోయినవాళ్ళకి మనం చేయగలిగింది లేదు. ఉన్నవాళ్ళ విషయంలో చేయాల్సింది పెద్ద విప్లవమేమీ కాదు. గ్రాంటు ఇచ్చే సంస్థలు దరఖాస్తులోనే రెండు ప్రశ్నలు అడిగితే చాలు. పాడేవాళ్ళకి ఎంత ఇస్తున్నారు, దేనికి ఇస్తున్నారు? తీసినదాంట్లో వాళ్ళ దగ్గర ఏం మిగులుతుంది? ఈ రెండు గళ్ళూ ఖాళీగా వదిలిన దరఖాస్తుని, కెమెరా అద్దె గడి ఖాళీగా వదిలినదాన్ని ఎలా చూస్తారో అలాగే చూడాలి. అసంపూర్తి అని వెనక్కి పంపాలి.