ఎంగిలి వేణువు

సికింద్రాబాదు రైల్వే స్టేషనునకు చేరువనున్న మోండా మార్కెట్టునకు కూరగాయలకో, పూజాద్రవ్యములకో పోనివారు ఆ పట్టణమున అరుదు. గడచిన కృష్ణాష్టమికి ముందునాడు మేమును, మా పెద్దమ్మగారును, ఆమె మనుమడును అక్కడికి పోయితిమి. నెమలి పింఛములమ్ము చోట ఒక వృద్ధుడు పిల్లనగ్రోవుల కట్టతో నిలిచియుండెను. పిల్లవాడొకటి చూపగా అతడు దానిని తీసి, పెదవి కానించి, క్రిందినుండి మీదికి స్వరములు పలికించి అందిచ్చెను. పెద్దమ్మగారు చాచిన చేయి వెనుకకు తీసికొనిరి.

“ఎంగిలిది మాకెందుకు? నీ నోరు తగలనిది ఇయ్యి.”

“ఊదకుండ ఎట్ల తెలుస్తదమ్మా? మంచిదో గాదో నాకు గూడ తెల్వదు.”

ఆమె వినలేదు, ఊదనిదే కొనిరి. మేము ప్రక్కనే యుండియు నోరు మెదపలేదు. సంస్కారమును గూర్చి పుటలకు పుటలు వ్రాయు మేము, బజారున నలుగురి నడుమ పెద్దమ్మగారిని కాదనుటకు జంకితిమి.

వేణువు పుట్టుక యెఱిగినవారికి ఆమె కోరిక యెంత వింతయో తెలియును. ఏ రెండు వెదుళ్ల లోపలి బోలును ఒక్కటిగా నుండదు. కావున పనివాడు కాలిన యినుప కడ్డీతో రంధ్రము పొడిచి, ఊది చూచి, చాలకున్న కొంచెము పెద్దది చేసి, మరల ఊదవలయును. శ్రుతి కుదిరిన వేణువు మన చేతికి వచ్చుటకు ముందే ఎవ్వరి యూపిరినో పదిమారులు త్రాగియుండును. ఎవ్వరి పెదవియు సోకనిదే కావలెనన్నచో శ్రుతి సంగతి దైవాధీనము. శబరి పండ్లు కొఱికి చూచి యిచ్చినదన్న కథ వాల్మీకమున లేకున్నను జనుల నోట నిలిచియున్నది. మా పెద్దమ్మగారును దానిని కన్నీటితో చెప్పుదురు. ఆ వృద్ధుడు చేసినది అంతకంటె వేఱా?

వీణకు తంత్రియు, ఫిడేలునకు కమానును నడుమ నున్నవి. వేణువున పెదవికిని వెదురునకును నడుమ ఏమియు లేదు. ఊదిన గాలి యంతయు గొట్టములోనికి పోవుననుకొనుట పొరపాటు. అది ముఖరంధ్రపు అంచున తగిలి, లోనికిని వెలికిని సెకనుకు వందలమారులు ఊగులాడును. ఆ యూగులాటతో లోపలి గాలి కంపించి స్వరమగును. పెదవి బిగింపు మార్చినచో అదే వ్రేలిపట్టున పై స్థాయి పలుకును. కర్ణాటక వేణువున ముఖరంధ్రము గాక రంధ్రము లెనిమిది. వానిలో ఏడింటిపై వ్రేళ్లాడును. వ్రేలిని జార్చి, రంధ్రమును సగము మూసి గమకము తెత్తురు. కుంభకోణపు శరభశాస్త్రి (1872-1904) అంధుడయ్యును ఈ వెదురును కచేరీలో ప్రధాన స్థానమున కూర్చుండబెట్టెను. పిమ్మట టి.ఆర్. మహాలింగము (1926-1986) గాత్రమున వినబడు గమకములను దీనిచే పలికించెను. ఆ మహాలింగము ఊదిన గ్రోవినే ఎవరైన తెచ్చి యిచ్చియుండిన పెద్దమ్మగారు కన్నుల కద్దుకొని దేవుని గదిలో నుంచియుందురు. అప్పుడు ఎంగిలి యెచ్చటికి పోయెను?

సన్నాయి మ్రోగక మన యిండ్ల తాళి కట్టరు. దానిని ఊదిన నాయీబ్రాహ్మణులకు మాత్రము విస్తరి దూరముగా వేసిన దినములు మన పెద్దలెఱుగనివి కావు. ఆ యూపిరి చెవికి మంగళమై, పంక్తికి మైలయైనది!

శుచి మాట వేఱు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఇతరుల ఊపిరికి మేమును వెఱచితిమి. అది తగిన వెఱపే. పరుల నోట నుంచిన గ్రోవిని తుడిచి, శుభ్రపఱచి ఆఱనిచ్చుట ఎవరైనను చేయదగినదే. కాని ఆ జాగ్రత్త కులమడుగదు, విద్వాంసుని వేణువునకును చెల్లును. పెద్దమ్మగారి శంక ఏ గుడ్డతో తుడిచినను పోవునది కాదు.

ఇంటికి వచ్చిన పిమ్మట పిల్లవాడు రెండు దినములు ఊదెను. మూడవ రంధ్రము తెఱచినప్పుడెల్ల అపస్వరమే. తనకు చేతకాదని వాడు గ్రోవిని మంచము క్రింద పడవైచెను. పెద్దమ్మగారును వానికి ఊదుట రాదనిరి. తప్పు వెదురుదని మేము చెప్పితిమి గాని వాడు నమ్మలేదు.

తరువాతి ఆదివారము వానిని వెంటబెట్టుకొని మరల మార్కెట్టునకు పోయితిమి. వృద్ధుడు మమ్ము ఆనవాలు పట్టి, అడుగకయే ఊదనిదొకటి తీయబోయెను. ఊది యిమ్మంటిమి. అతడు కండువా చెఱగుతో ముఖరంధ్రము తుడిచి, ఊది, మా ముఖము చూచి మరల తుడిచి యిచ్చెను. మేము తల వంచుకొంటిమి. పిల్లవాడు అక్కడనే నిలిచి దానిని పెదవి కానించి, మూడవ రంధ్రముపై వ్రేలెత్తి చూచుకొనెను.