మెటాడేటా: ఒక పదార్థ విచారం

వెబ్‌సైట్‌లో పెట్టే ప్రతి రచనకూ రెండు భాగాలుంటాయి. ఒకటి పాఠకుడు చదివే పాఠం. రెండోది ఆ పాఠం గురించి రాసిపెట్టిన సమాచారం: శీర్షిక, రచయిత, తేదీ, విభాగం, ట్యాగులు. ఈ రెండోదాన్నే మెటాడేటా అంటారు. కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, వాడుకలో సీఎంఎస్, చేసే పనిలో పెద్ద వాటా దీన్ని సంబాళించడమే. వర్డ్‌ప్రెస్ డేటాబేస్ తెరిచి చూస్తే పాఠం ఒక టేబుల్లో, ట్యాగుల పేర్లు మరో టేబుల్లో, ఏ పాఠానికి ఏ ట్యాగన్న లంకె ఇంకో టేబుల్లో కనిపిస్తాయి. పని సులువు కోసం చేసిన ఈ ఏర్పాటు వెనక పాత ప్రశ్న ఒకటుంది. విభాగాలు లోకంలో ముందే ఉన్నవా, మన అవసరం కొద్దీ మనం కల్పించుకున్నవా? భారతీయ దర్శనాలు వెయ్యేళ్లకు పైగా వాదించుకున్న ప్రశ్న ఇది. ఫారం నింపే సంపాదకుడు ప్రతి ఫీల్డు దగ్గరా, తెలిసో తెలియకో, దానికి ఏదో ఒక జవాబు ఇస్తూనే ఉంటాడు.

ఈ విచారానికి తాళ్లపాక రేకుల కంటే మంచి ఉదాహరణ దొరకదు. 1922 ప్రాంతంలో తిరుమల ఆలయంలోని సంకీర్తన భండారం నుంచి వెలికివచ్చిన రాగి రేకుల మీద అన్నమాచార్యులు (1408–1503), ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యులు, మనుమడు చినతిరుమలాచార్యులు రచించిన కీర్తనలు వేల సంఖ్యలో ఉన్నాయి. ప్రతి కీర్తనకూ పైన రాగం పేరు చెక్కారు. స్వరం చెక్కలేదు. కీర్తనలను అధ్యాత్మమనీ శృంగారమనీ విడదీశారు. రేకులకు వరస సంఖ్యలున్నాయి. ముగ్గురి కీర్తనల్లోనూ ముద్ర, అంటే సంతకంలా వచ్చే పేరు, వేంకటేశ్వరుడిదే. అందువల్ల పల్లవీ చరణాలూ మాత్రమే చేతికి వస్తే, ముద్రను బట్టి అది తండ్రి పాటో కొడుకు పాటో చెప్పలేం. రేకు చెబితేనే తెలుస్తుంది. పాటలో లేని నిజం ఇక్కడ పాట పక్కన రాసిన మాటలో ఉంది. మెటాడేటాను గుమాస్తా పనిగా చూసేవారు గుర్తుంచుకోవలసిన సంగతి ఇది.

ఈ కీర్తనలన్నిటినీ ఒక సీఎంఎస్‌లోకి ఎక్కించాలంటే మొదట ఏయే ఫీల్డులు పెట్టాలో తేల్చుకోవాలి. వైశేషిక దర్శనకారులు ఇదే ప్రశ్నను లోకం మొత్తానికీ వేసుకున్నారు. ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం అని ఆరింటిని గుర్తించారు. తర్వాతివారు అభావాన్ని ఏడోదిగా చేర్చారు. పదానికి అర్థమైనది పదార్థం, అంటే పేరు పెట్టి చెప్పదగినది. 17వ శతాబ్దిలో ఆంధ్రుడైన అన్నంభట్టు ఈ ఏడింటినీ తర్కసంగ్రహంలో పిల్లలకు సైతం అందేలా కుదించాడు. నేటికీ తర్కం మొదలుపెట్టేవారు పట్టే తొలి పుస్తకం అదే. 1995లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, డబ్లిన్ అనే ఊళ్లో జరిగిన సమావేశంతో మొదలైన డబ్లిన్ కోర్ ప్రమాణం కూడా ఏ రచనకైనా 15 అంశాలు చాలునంది. అయితే వైశేషికులు వెతికింది ఉన్నదాని స్వరూపం, డబ్లిన్ కోర్ వెతికింది వెతుకులాటకు పనికొచ్చే గుర్తు. ఈ తేడా చిన్నది కాదు.

కుండలో కుండతనం విడదీయరాని సమవాయ సంబంధంతో ఉంటుందంటాడు న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికుడు. అది తీస్తే కుండ కుండగా మిగలదు. ట్యాగు అలాంటిది కాదు. లంకెల టేబుల్లో ఒక వరస చెరిపేస్తే ట్యాగూ మిగులుతుంది, పాటా చెక్కుచెదరదు. ఇది సంయోగం లాంటి బంధం, బల్ల మీద పుస్తకం ఉన్నట్టు. డేటాబేస్ నిర్మాణమే ట్యాగును వస్తువు స్వభావంగా ఒప్పుకోవడం లేదన్నమాట.

మరి ఏది నిజమైన జాతి, ఏది మనం తగిలించిన ఉపాధి? ఈ పరీక్షకు 10వ శతాబ్దిలో నైయాయికుడైన ఉదయనుడు కిరణావళిలో ఆరు బాధకాలు, అంటే అడ్డంకులు, చెప్పాడు. వాటిలో మూడు సీఎంఎస్ నడిపేవారికి నేరుగా పనికొస్తాయి. మొదటిది, వ్యక్తి ఒక్కటే అయితే జాతి లేదు. ఆకాశం ఒక్కటే కాబట్టి ఆకాశత్వం జాతి కాదు. ఒకే ఒక్క పాటకు తగిలించిన ట్యాగు ఆ పాటకు మారుపేరే తప్ప వర్గం కాదు. రెండోది తుల్యత్వం. ఘటత్వం, కలశత్వం అని పేర్లు రెండున్నా అవి వర్తించే వస్తువులు అవే కాబట్టి జాతులు రెండు కావు. తెలుగు సైట్లలో ఎక్కువ నష్టం చేసేది ఈ దోషమే. ‘అన్నమయ్య’, ‘అన్నమాచార్య’, ‘అన్నమాచార్యులు’, ‘తాళ్లపాక అన్నమాచార్యులు’ అని నలుగురు నాలుగు ట్యాగులు పెడతారు. ఒకదాన్ని నొక్కిన పాఠకుడికి మిగతా మూడింటి కింద ఉన్న పాటలు కనబడవు. అసలు ఉన్నాయని కూడా తెలియదు.

మూడోది సాంకర్యం. భూతత్వం (పంచభూతాల్లో ఒకటి కావడం), మూర్తత్వం (పరిమితమైన పరిమాణం ఉండడం) అన్న రెండు ధర్మాలున్నాయి. ఆకాశం భూతమే కాని మూర్తం కాదు. మనస్సు మూర్తమే కాని భూతం కాదు. భూమి రెండూ. ఇలా అడ్డంగా ఒకదాన్నొకటి కోసుకునేవి జాతులు కావని ఉదయనుడి తీర్పు. కేటగిరీలను చెట్టు కొమ్మల్లా పేర్చే సీఎంఎస్‌లో ఇదే చిక్కు వస్తుంది. మేలుకొలుపు శృంగారం కింద పెట్టాలా, సేవల కింద పెట్టాలా? రెండు కొమ్మల మీదా పెడితే చెట్టు చెట్టుగా ఉండదు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణతో దీనికి దారి చూపాడు. చెట్టును వదిలి, ఒక్కో రచనను వేర్వేరు ముఖాల నుంచి విడివిడిగా వర్ణించాడు. సేవ ఒక ఫీల్డు, రసం ఒక ఫీల్డు, రాగం ఒక ఫీల్డు అని విడదీస్తే సాంకర్యం దోషంగా మిగలదు. ఉపాధులు ఎన్నయినా ఒకే వస్తువు మీద కూడి ఉండవచ్చు.

ట్యాగు పెట్టడమంటే లక్షణం చెప్పడమే. లక్షణానికి మూడు దోషాలని తర్కసంగ్రహ దీపికలో ఆవును చూపి చెబుతారు. కపిల వర్ణమే ఆవు లక్షణమంటే తెల్లావు తప్పిపోతుంది, అది అవ్యాప్తి. కొమ్ములుండడమంటే గేదె కూడా వచ్చి చేరుతుంది, అది అతివ్యాప్తి. ఒంటి గిట్ట అంటే ఏ ఆవుకూ లేదు, అది అసంభవం. పల్లవిలో ‘మేలుకో’ అన్న మాట ఉంటేనే మేలుకొలుపు ట్యాగు పెడితే, వేరే మాటలతో స్వామిని లేపే పాటలు జారిపోతాయి. ముద్రను చూసి ప్రతి పాటకూ ‘వేంకటేశ్వర వర్ణన’ అని తగిలిస్తే నీతి చెప్పే పాటలు కూడా అందులో పడతాయి. రేకు మీది స్వరం అని ఫీల్డు పెడితే దాన్ని నింపడానికి ఒక్క రేకూ ఉండదు.

రాగం ఫీల్డులో మరింత సూక్ష్మమైన చిక్కుంది. 1550లో రామామాత్యుడు స్వరమేళకళానిధిలో ముఖారిని మొదటి మేళంగా, శుద్ధ స్వరాలతో చెప్పాడు. ఇప్పుడు కచేరీల్లో వినిపించే ముఖారి అది కాదు. పేరు నిలిచింది, పేరు సూచించేది మారింది. పైగా నేడు వినే బాణీలు చాలామటుకు 20వ శతాబ్దిలో కట్టినవి. వాటి రాగం రేకు మీది రాగంతో కలవవచ్చు, కలవకపోవచ్చు. ‘రాగం’ అని ఒకే ఫీల్డు పెట్టిన సైటు రెండు వేర్వేరు నిజాలను ఒక గదిలో కుక్కుతుంది. రేకు మీది రాగం, పాడుతున్న రాగం, బాణీ కట్టినవారి పేరు అని మూడు ఫీల్డులు ఉండి తీరాలి.

నైయాయికులతో తలపడిన బౌద్ధులు జాతి అనబడే సామాన్యమే అసలు లేదన్నారు. దిఙ్నాగుడి అపోహవాదం ప్రకారం ‘ఆవు’ అన్న పదం ఆవులన్నిటిలో ఉన్న ఏదో ఒక తత్త్వాన్ని చూపదు, ఆవు కానివాటిని పక్కకు నెడుతుంది. అర్థమంటే ఆ వ్యావృత్తే. మెటాడేటా విషయంలో ఈ వాదానిదే పైచేయి అనిపిస్తుంది. ట్యాగు విలువ అది చూపే పాటల్లో కంటే తప్పించే పాటల్లో ఉంది. దేన్నీ తప్పించని పేరు ఏమీ చెప్పదు. వెబ్ పేజీల తలలో దాచిపెట్టే కీవర్డుల జాబితాకు పట్టిన గతి ఇదే. కంటపడాలన్న ఆశతో సంబంధం లేని మాటలన్నీ జనం అందులో కుక్కారు. తన వెబ్ ఫలితాల వరస నిర్ణయించడానికి ఆ జాబితాను వాడడం లేదని 2009లో గూగుల్ ప్రకటించింది.

అధ్యాత్మం, శృంగారం అన్న విభాగం దగ్గరికి వచ్చేసరికి ప్రశ్న తర్కాన్ని దాటి భక్తిలోకి వస్తుంది. రేకుల్లో శృంగార కీర్తనలే ఎక్కువ. వాటిలోని నాయిక అలమేలుమంగ కావచ్చు, స్వామి కోసం తపించే జీవుడూ కావచ్చు. భక్తుడి దృష్టిలో శృంగార కీర్తన అధ్యాత్మం కాకుండా పోదు. అలాగని రేకులు చేసిన విభజనను చెరిపే హక్కు నేటి సంపాదకుడికి లేదు. అది ఆ కాలపు మనుషులు తమ పాటల గురించి తామే ఇచ్చిన సాక్ష్యం. దాన్ని ‘రేకుల విభాగం’ అని ఉన్నదున్నట్టు ఉంచి, తన అభిప్రాయాన్ని వేరే ఫీల్డులో, తన పేరుతో రాయడమే న్యాయం.

ఇంతకీ ఈ పేర్లన్నీ మనల్ని ఎంతవరకు తీసుకువెళతాయి? ఛాందోగ్యోపనిషత్తులో నారదుడు సనత్కుమారుడి దగ్గరికి వెళ్లి తాను చదివిన విద్యలన్నిటినీ పేరు పేరునా చెబుతాడు. అన్నీ చదివినా ఆత్మ తెలియలేదంటాడు. నీవు చదివినదంతా నామమే అని సనత్కుమారుడి జవాబు. కాని ఆ నామాన్ని అతడు విసిరేయమనడు. దాన్నే బ్రహ్మంగా ఉపాసించమని, అక్కడి నుంచి వాక్కుకు, మనస్సుకు, ఇంకా పైకి, చివరకు భూమా అనే అనంతానికి తీసుకువెళతాడు. సూచిక చదివినంత మాత్రాన పాట విన్నట్టు కాదు. సూచిక లేకపోతే ఆ పాట దగ్గరికి దారే లేదు.

ఇక మిగిలింది ఏడో పదార్థం, అభావం. సీఎంఎస్‌లో ఖాళీ ఫీల్డులన్నీ చూపుకు ఒకేలా ఉంటాయి, అర్థంలో ఒకటి కావు. తాళం ఫీల్డు ఖాళీగా ఉందనుకుందాం. ఇంకా ఎక్కించలేదా? అది ప్రాగభావం, రేపు తీరుతుంది. రేకు అరిగి ఆ భాగం పోయిందా? అది ప్రధ్వంసాభావం, ఇక తిరిగి రాదు. రేకు మీద అసలు చెక్కనే లేదా? అది అత్యంతాభావానికి దగ్గర. మూడింటినీ ఒకే ఖాళీతో చూపితే, లేదా ఖాళీ బాగుండదని ఊహతో నింపితే, తర్వాత వచ్చే పరిశోధకుడు ఊహను ఆధారంగా తీసుకుంటాడు. పాత తెలుగు పాఠాలను వెబ్‌లోకి ఎక్కిస్తున్నవారు ప్రతి ఖాళీ పక్కనా ‘నమోదు కాలేదు’, ‘శిథిలం’, ‘మూలంలో లేదు’ అన్న మూడింటిలో ఏదో ఒకటి తప్పక రాయాలి.